ప్రమాదం లేని మూడు వందల రోజులు

ఆ ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి అడుగు పెట్టగానే ఎడమవైపు గోడకు ఒక పచ్చ బోర్డు కనిపిస్తుంది. దాని మీద తెల్ల రంగుతో "మన ఫ్యాక్టరీలో ప్రమాదం లేని రోజులు" అని రాసి, కింద వరుసగా మూడు మేకులు కొట్టారు. రోజూ ఉదయం ఆ మేకులకు రేకు అంకెలు తగిలించాలి. ఆ పని ఆఫీసు గదులు ఊడ్చి, మంచినీళ్లు పట్టి పెట్టే ఆవిడకు అప్పజెప్పారు. బోర్డు పెట్టి పది నెలలే అయినా, ఆ పది నెలల్లోనే అందరూ ఆవిడ అసలు పేరు మరిచిపోయి నంబరమ్మ అని పిలవడం మొదలుపెట్టారు. ఆవిడా పలకడం అలవాటు చేసుకుంది.

ఆ రేకు అంకెల అంచులను ఎవరూ ఆకురాయి పట్టి నునుపు చెయ్యలేదు. నూట పదిహేడో రోజున ఏడు తగిలిస్తుంటే ఆవిడ బొటనవేలు తెగి రక్తం అంకె మీద పడింది. ఆవిడ దాన్ని గుడ్డతో తుడిచి, వేలికి నల్ల టేపు చుట్టుకుని, రెండడుగులు వెనక్కి వేసి అంకెలు వంకర లేకుండా ఉన్నాయో లేదో చూసుకుని లోపలికి వెళ్లిపోయింది. ప్రమాదం లేదని చెప్పే బోర్డు దగ్గరే తనకు దెబ్బ తగిలిందన్న సంగతి ఆవిడకు తట్టలేదు. చదువుతున్న మీకు తట్టి ఉంటుంది. మీరక్కడ పనిచేయడం లేదు కాబట్టి తట్టింది.

నల్ల టేపు గురించి కొంచెం చెప్పాలి. కరెంటు తీగలకు చుట్టే టేపు అది. ఫ్యాక్టరీలో ఫస్ట్ ఎయిడ్ పెట్టె లేక కాదు, మేనేజరు గదిలో గోడకు ఉంది, తాళం కూడా ఉంది. అయితే ఆ తాళం అడిగిన వాడు పక్కనే ఉన్న రిజిస్టరులో తన పేరు, దెబ్బ తగిలిన వేళ, తగిలిన తీరు రాయాలి. రిజిస్టరులో రాస్తే అది ప్రమాదం. ప్రమాదం జరిగితే బోర్డు మీద సున్నా. అందుకని ఎవరూ ఆ తాళం అడగలేదు. పది నెలలుగా ఆ పెట్టెలో దూది ఎంత ఉన్నదో అంతే ఉంది. ప్రతి పనివాడి పనిముట్ల డబ్బాలో మాత్రం ఒక నల్ల టేపు చుట్ట ఉంది.

మూడు వందల రోజులు నిండితే ఇంటికొక టేబుల్ ఫ్యాను ఇస్తానని యజమాని మాట ఇచ్చాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. మరో ఫ్యాక్టరీలో ఇలాంటి బోర్డు చూసి, మనవాళ్లు కూడా ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తారని మనస్ఫూర్తిగా నమ్మి పెట్టించాడు. ఒక్కడు చెడ్డవాడై ఉంటే వాణ్ణి నాలుగు తిట్టి ఈ కథ ఇక్కడితో ముగించేవాణ్ణి. ఇక్కడ అందరూ మంచివాళ్లే. గ్రైండింగ్ దగ్గర ఒకడి కంట్లో ఇనుప రజను పడితే, కన్ను ఎర్రగా ఎందుకుందని ఇంట్లో అడిగినప్పుడు దోమ పడిందన్నాడు. వెల్డింగ్ చేసే అతని పాదం కాలితే స్నానానికి కాచిన నీళ్లు ఒలికాయన్నాడు. నడవలేని స్థితిలో ఉన్నవాణ్ణి స్టోరు గదిలో ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి హాజరు వేసేవారు. దానికి కుర్చీ డ్యూటీ అని పేరు కూడా పెట్టుకుని నవ్వుకునేవారు. పక్కవాడి ఇంటికి రావలసిన ఫ్యాను తన వల్ల పోకూడదన్న ఒక్క మర్యాద కోసం నలభై రెండు మంది తమ దెబ్బలు తామే మింగుతూ వచ్చారు.

నంబరమ్మ భర్త ఆ ఫ్యాక్టరీలోనే ప్రెస్సు మెకానిక్. అక్కడ వంటింటి సింకులు తయారవుతాయి. చదునైన స్టీలు రేకును నాలుగు పెద్ద హైడ్రాలిక్ ప్రెస్సులు ఒక్క నొక్కుతో తొట్టి ఆకారానికి తెస్తాయి. ఆ నొక్కుడు బలమంతా నల్లటి రబ్బరు హోసుల్లో పరిగెత్తే ఆయిల్‌ది. ఎక్కడ ఆయిల్ లీకైనా పిలుపు అతనికే వచ్చేది. అతను వచ్చి, ప్రెస్సు నడుస్తుండగానే, హోసు పొడవునా అరచేతిని ఆనించీ ఆనించకుండా జరుపుకుంటూ పోయి ఒకచోట ఆపేవాడు. "ఇదిగో, ఇక్కడ" అనేవాడు. ఎన్నడూ తప్పలేదు. అందుకే అతనికి హస్తవాసి అని పేరు వచ్చింది.

అలా చేత్తో వెతకకూడదని అతనికి తెలుసు. మెషిను ఆపి, ప్రెషరు దింపి చూడాలని, తప్పనిసరి అయితే చిమ్మే ఆయిల్ మరక పడేలా హోసు పక్కన ఒక అట్టముక్క పట్టుకుని చూడాలని ప్రెస్సుతో పాటు వచ్చిన పుస్తకంలో బొమ్మ వేసి మరీ ఉంది. కానీ ప్రెస్సు ఆపితే మళ్లీ పని అందుకోవడానికి అరగంట పడుతుంది. అట్ట పట్టుకున్న వాణ్ణి చూస్తే "ఏంట్రా, విసురుకుంటున్నావా?" అని చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. నేర్పిన పెద్ద మేస్త్రి చేత్తోనే నేర్పాడు. పెద్ద మేస్త్రికి ఆయన మేస్త్రి చేత్తోనే నేర్పాడు.

రెండు వందల తొంభై ఒకటో రోజు మంగళవారం. పొద్దున పదకొండు గంటల వేళ మూడో ప్రెస్సు కింద ఆయిల్ మడుగు కట్టింది. హస్తవాసి వచ్చి హోసు మీద ఎడమ చెయ్యి జరుపుతుంటే చూపుడు వేలి చివర చురుక్కుమంది. చెయ్యి వెనక్కి తీసుకుని చూసుకున్నాడు. సూది మొనంత చుక్క, దాని మీద ఒక రక్తపు బొట్టు. తుడిస్తే పోయింది. నొప్పి కూడా పెద్దగా లేదు.

"ఏమైందిరా?" అన్నాడు పెద్ద మేస్త్రి దగ్గరికి వచ్చి.

"ఏం లేదు మేస్త్రి గారూ. ఏదో గుచ్చుకుంది."

పెద్ద మేస్త్రి కళ్లజోడు సవరించుకుని వేలు పట్టుకుని చూశాడు. "చీమ కుట్టినా ఇంతకంటే పెద్ద దద్దురు లేస్తుంది కదరా. టేపు చుట్టుకో." అని, గేటు వైపు ఒకసారి చూసి, "ఇంకా తొమ్మిది రోజులు" అన్నాడు.

అతను టేపు చుట్టుకుని, అదే చేత్తో హోసు మార్చి, ప్రెస్సు మళ్లీ నడిపించాడు.

సాయంత్రం ఇంటికి వచ్చాక నంబరమ్మ చిరిగిన దిండు గలీబు, సూదీ దారం తెచ్చి అతని ముందు పెట్టింది. ఆవిడకు దగ్గరి చూపు ఆనదు. సూదిలో దారం ఎక్కించి ఇవ్వడం ఏళ్లుగా అతని పని. చూడకుండానే, వేలితో తడిమి ఎక్కించి ఇచ్చేవాడు. ఆ రోజు నాలుగుసార్లు ప్రయత్నించాడు. అయిదోసారి సూది జారి కింద పడింది.

"వేలికి స్పర్శ తెలియడం లేదే" అన్నాడు.

"ఏమయ్యా, ఏం తగిలింది?"

అతను చెప్పాడు. ఆవిడ టేపు విప్పి చూసింది. వేలు కొద్దిగా ఉబ్బి, పాలిపోయి ఉంది. గాయం కోసం వెతికితే చుక్క తప్ప ఏమీ కనిపించలేదు. కనిపించేంత గాయం లేనప్పుడు ఎవరికైనా ధైర్యం వస్తుంది. ఆవిడా ధైర్యం తెచ్చుకుని, వీధి చివర మందుల షాపులో నొప్పి మాత్రలు తెచ్చి ఇచ్చి, వేసుకుని పడుకోమంది.

బుధవారం పొద్దుటికి వేలు రెండింతలైంది. చొక్కా బొత్తాలు ఆవిడే పెట్టింది. ఫ్యాక్టరీకి ఇద్దరూ కలిసే వెళ్లారు. ఆవిడ బోర్డు దగ్గర ఆగి ఒకటి తీసి రెండు తగిలించింది. పక్కన నిలబడి అతను చూశాడు. పెద్ద మేస్త్రి అతన్ని చూసిన వెంటనే స్టోరు గదికి తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టాడు.

మధ్యాహ్నం ఆవిడ మంచినీళ్లు పట్టుకుని స్టోరు గదికి వెళ్లింది. అతను చెయ్యి చొక్కా లోపల దాచుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. నుదురంతా చెమట.

"ఆసుపత్రికి పోదాం పదయ్యా."

"పోతే ఎక్కడ తగిలిందని అడుగుతారు. చెప్పాలి. చెప్తే కాగితం ఇక్కడికి వస్తుంది. వారం రోజుల్లో మూడు వందలు నిండుతున్నాయే. నలభై రెండిళ్లకి రావాల్సింది వీడి వల్ల పోయిందని రేపు అందరూ నన్నే వేలెత్తి చూపిస్తారు. ఆ మాట నేను పడలేను."

ఆవిడకు కోపం వచ్చింది. ఆ కోపం అతని మీదో, ఫ్యాన్ల మీదో, పొద్దున తన చేత్తో తగిలించిన రెండు మీదో ఆవిడకే తెలియలేదు. గ్లాసు అతని కుడి చేతికి ఇచ్చి వెళ్లిపోయింది. తర్వాత ఎన్నో రోజులు ఆవిడ ఆ నిమిషాన్ని తలుచుకుని తనను తాను తిట్టుకుంది. ఆ నిమిషంలో చెయ్యి పట్టుకుని లేవదీసి ఉంటే ఎలా ఉండేదో ఎవరు చెప్పగలరు. చెప్పలేరు కాబట్టే ఆ ఆలోచన మనిషిని వదలదు.

గురువారం తెల్లవారేసరికి అతనికి ఒళ్లు కాలిపోతోంది. వేలి చివర నల్లబడింది. అరచెయ్యి ఉబ్బి గీతలు మాయమయ్యాయి. మణికట్టు దాటి ఎర్రటి చార పైకి పాకుతోంది. ఇక ఆవిడ ఎవరినీ అడగలేదు. ఆటో పిలిచింది. దారిలో పెద్ద మేస్త్రి నుంచి ఫోను వచ్చింది. ఆయన గొంతులో కంగారు ఉంది, ప్రేమ కూడా ఉంది. "తీసుకెళ్లు అమ్మాయ్, మంచి పని చేస్తున్నావు. అడిగితే మాత్రం ఇంట్లో తలుపు సందులో పడి నలిగిందని చెప్పండి. ఏ వైద్యమైనా ఒకటే కదా."

ఏ వైద్యమైనా ఒకటే కాదు. ఆ సంగతి ఆయనకూ తెలియదు, ఆవిడకూ తెలియదు.

క్యాజువాలిటీలో కుర్ర డాక్టరు అడిగితే హస్తవాసి తలుపు సందు అనే చెప్పాడు. ఆ డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. ఎముక విరగలేదు. నలిగిన వేలికి చీము పట్టిందని రాసుకుని, సెలైన్ పెట్టించి, ఇంజక్షన్లు ఇప్పించి, చెయ్యి ఎత్తులో పెట్టుకోమన్నాడు. "పెద్ద డాక్టరమ్మ ఆపరేషన్లలో ఉన్నారు. అయ్యాక వచ్చి చూస్తారు" అన్నాడు. తనకు చెప్పిన మాటను బట్టి అతను చేసినదాంట్లో తప్పేమీ లేదు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఆ మంచం మీద ఒక చెయ్యి లోపల్లోపల చస్తూ ఉంది, పక్కన స్టూలు మీద ఆ సంగతి తెలియని భార్య కూర్చుని ఉంది.

పెద్ద డాక్టరమ్మకు యాభై దాటి ఉంటాయి. పొద్దుటి నుంచి నిలబడే ఉండటం వల్ల మంచం దగ్గరికి రాగానే గోడకు కొంచెం ఆనుకుంది. కేసు షీటు చదివి, వేలు పట్టుకుని, తడి దూదితో తుడిచి, కిటికీ వెలుగు వైపు తిప్పి చాలాసేపు చూసింది.

"తలుపు సందులో పడిందన్నారా?"

"అవునండి" అన్నాడు అతను.

"తలుపు సందులో పడితే గోరు నలగాలి, చర్మం చిట్లాలి. ఇక్కడ సూది బెజ్జం ఒక్కటే ఉంది. మీరేం పని చేస్తారు?"

అతను పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు. డాక్టరమ్మ నంబరమ్మ వైపు తిరిగింది. "మీరు చెప్పండమ్మా. నేను పోలీసును కాదు. ఎలా తగిలిందో తెలిస్తేనే ఎక్కడ కోయాలో, ఎంత కోయాలో నాకు తెలుస్తుంది."

భర్త తల పక్కకు తిప్పి భార్యను చూశాడు. చెప్పొద్దని ఆ చూపులో ఉంది. నలభై రెండు మంది ముఖాలు ఆవిడ కళ్ల ముందు తిరిగాయి. పదేళ్లుగా అక్కా, వదినా అని పిలిచినవాళ్లు. ఆవిడ ఆ చూపు నుంచి తల తిప్పుకుంది.

"తలుపు కాదమ్మా. ప్రెస్సు హోసు. ఆయిల్ లీకవుతుంటే చేత్తో వెతికాడు. మంగళవారం పొద్దున."

డాక్టరమ్మ గోడ వదిలి నిటారుగా నిలబడింది. "మంగళవారం" అని ఒక్కసారి అంది, అంతే. తర్వాత అతన్ని సూటిగా అడిగింది. "ఏ ఆయిల్? ఎంత ప్రెషరు?"

ఆసుపత్రికి వచ్చాక మొదటిసారి అతను నిజం మాట్లాడాడు, మెకానిక్ మాట్లాడినట్టే మాట్లాడాడు. "హైడ్రాలిక్ ఆయిల్ అండి. రెండు వందల బార్."

డాక్టరమ్మ నర్సును పిలిచి, వరుసలో తర్వాత ఉన్న ఆపరేషన్ ఆపించి, థియేటర్ సిద్ధం చేయమంది. సంతకం కాగితం వచ్చేలోగా భార్యాభర్తలిద్దరికీ విషయం విడమరిచి చెప్పింది. "కంటికి కనిపించనంత సన్నటి ధార అది. సూదిలాగే లోపలికి దిగింది. సూది అయితే దిగిన చోటే ఆగుతుంది. ఇది ఆగదు. వేలిని వంచే నరాల వెంట దారి చేసుకుని అరచేతి దాకా పాకింది. ఆయిల్ తగిలిన కండ చచ్చిపోతుంది, చచ్చిన కండలో ఇన్ఫెక్షన్ పెరుగుతుంది. ఎక్స్‌రేలో ఇదేదీ కనపడదు. మందులు అక్కడిదాకా చేరవు. చెయ్యి తెరిచి కడగాలి. ఒక్కసారితో అయ్యే పని కాదు."

"వేలు ఉంటుందా అండీ?" అన్నాడు అతను.

"ముందు చెయ్యి దక్కించుకుందాం" అంది డాక్టరమ్మ.

ఆ ఆపరేషన్‌కు మూడు గంటలు పట్టింది. వేలి కొన నుంచి మణికట్టు దాకా కోసి, లోపల చేరిన ఆయిల్‌ను, చీమును, చచ్చిన కండను తీసి, సెలైన్‌తో కడిగి, కుట్లు వేయకుండా తెరిచే ఉంచి కట్టు కట్టారు. శనివారం మళ్లీ విప్పి చూస్తే అరచెయ్యి ఎర్రగా బతికి ఉంది. చూపుడు వేలు మాత్రం బొగ్గులా ఉంది. అతను కుడి చేత్తో ఇంకో సంతకం పెట్టాడు. వేలు మొదలంటా తీసేశారు. మంగళవారం తొడ నుంచి పల్చగా చర్మం తీసి అరచేతి మీద వేశారు. జ్వరం తగ్గింది. మధ్య వేలు పూర్తిగా ముడుచుకోదని, నెలల తరబడి కసరత్తు చేయిస్తే ఆ చేతికి సగం పట్టు వస్తుందని చెప్పారు. ప్రాణం నిలిచింది, చెయ్యి నిలిచింది. ఇలా మూడో రోజున తెచ్చిన కేసులో అది మంచి ఫలితమేనని నర్సు అంది. ఓదార్చడానికి కాదు, నిజంగానే అంది.

బుధవారం మధ్యాహ్నం పెద్ద మేస్త్రి చూడటానికి వచ్చాడు. మంచం పక్కన నిలబడి కట్టు వైపు చూడలేక కిటికీ వైపు చూస్తూ మాట్లాడాడు.

"రేపే మూడు వందలు. ఫ్యాన్లు వచ్చేశాయిరా. నీది నేను విడిగా తీసి పెట్టాను." మళ్లీ ఆయనే, "మూడు స్పీడులు ఉన్నాయంట" అన్నాడు.

హస్తవాసి కళ్లు మూసుకున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక మూసుకున్నాడు.

అప్పుడే డాక్టరమ్మ కట్టు చూడటానికి వచ్చింది. ఫ్యాన్ల మాట విని ఏమిటని అడిగింది. నంబరమ్మ బోర్డు సంగతి, మేకుల సంగతి, రిజిస్టరు సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. రోగుల మంచాల దగ్గర ఆవిడ కూర్చోవడం అక్కడి నర్సులు ఎప్పుడో గానీ చూడలేదు.

"తగిలిన రోజే తీసుకొచ్చి ఉంటే వేలు ఉండేదా అని మీరు అడగలేదు" అంది. "అడగడానికి భయపడుతున్నారు. ఖాయంగా ఉండేదని నేను చెప్పను. అదే పూట తీసుకొచ్చినా వేలు పోయినవాళ్లు ఉన్నారు. కానీ చాలామందికి నిలిచింది. ఆ అవకాశం మీ చేతిలో ఉండేది. దాన్ని మీరు బోర్డుకు ఇచ్చేశారు."

పెద్ద మేస్త్రి తల వంచుకున్నాడు. "నేనే చెప్పించానమ్మా తలుపని" అన్నాడు నెమ్మదిగా.

"మిమ్మల్ని ఒక్కరినీ అనడం లేదండి. ఇరవై రెండేళ్లుగా కోస్తున్నాను, కుడుతున్నాను. అలసిపోయాను, నిజం చెప్తున్నాను. నా దగ్గరికి గాయాలు తక్కువ వస్తాయి, దాచిన గాయాలే ఎక్కువ వస్తాయి. ఛాతీలో గడ్డ చేతికి తగిలినావిడ, ఇంట్లో వాళ్లు కంగారు పడతారని ఏడాది పాటు బట్టల చాటున మోస్తుంది. పుండు పడిన కాలికి మేజోడు తొడుక్కుని ఒకాయన ఆఫీసుకు పోతాడు. చిన్నగా ఉన్నప్పుడు చూపిస్తే చిన్న కోతతో పోయేది, నా బల్ల మీదికి వచ్చేసరికి సగం మనిషిని అడుగుతుంది. వీళ్లెవరూ చదువు లేనివాళ్లు కాదు. ఎవరినో ఇబ్బంది పెట్టకూడదని దాచుకున్నవాళ్లు. కత్తితో నేను చేయగలిగింది కొంచెమే. మిగతాది మీరు నోరు తెరిచే వేళను బట్టి ఉంటుంది."

ఆవిడ లేచి, కట్టు చూసి, చెయ్యి ఎత్తులోనే ఉంచమని చెప్పి పక్క మంచానికి వెళ్లింది.

గురువారం నంబరమ్మ పనికి వెళ్లింది. సెలవులు అయిపోయాయి. గేటు లోపల ఫ్యాన్ల డబ్బాలు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. యజమాని ఇస్త్రీ చొక్కా వేసుకుని బోర్డు పక్కన నిలబడ్డాడు. ఫోటో తీసే అతను వెలుగు చూసుకుంటున్నాడు. నలభై మంది దాకా గుంపుగా నిలబడి ఉన్నారు. ఆవిడను చూసి కొందరు తలలు తిప్పుకున్నారు, కొందరు ఎలా ఉన్నాడని కళ్లతోనే అడిగారు.

పెద్ద మేస్త్రి మూడు రేకు అంకెలు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. ఒక మూడు, రెండు సున్నాలు.

ఆవిడ పాత అంకెలు తీసేసింది. చివరి మేకుకు ఒక సున్నా తగిలించింది. మధ్య మేకుకు రెండో సున్నా తగిలించింది. మూడో అంకెను చేతిలోనే పట్టుకుని రెండడుగులు వెనక్కి వేసి, వంకర లేకుండా ఉన్నాయో లేదో ఎప్పటిలాగే చూసుకుంది.

"అమ్మా, మూడు మరిచిపోయావు" అన్నాడు యజమాని నవ్వుతూ.

"మరిచిపోలేదు బాబు గారూ. అది అబద్ధం అంకె. మా ఆయనకు వేలు తీసేశారు. ఇంట్లో తలుపు సందులో పడి కాదు, మీ మూడో ప్రెస్సు దగ్గర తగిలింది. తగిలి తొమ్మిది రోజులైంది. ఆ తొమ్మిది రోజుల్లో మొదటి రోజు నేనే ఇక్కడ అంకె పెట్టాను. నా చేత్తో ఇంకొకటి పెట్టలేను." ఆవిడ గొంతు పెద్దది కాలేదు. చాలా అలసిపోయి ఉంది. మూడు అంకెను తీసుకెళ్లి ఫ్యాన్ల డబ్బా మీద పెట్టింది.

యజమాని ముఖంలో నవ్వు అలాగే కాసేపు ఉండిపోయి, తర్వాత పోయింది. ఆయన పెద్ద మేస్త్రి వైపు చూశాడు. "నిజమేనా?"

"నిజమే బాబూ. తలుపని చెప్పించింది నేనే" అన్నాడు పెద్ద మేస్త్రి.

గుంపులోంచి ఒకడు "ఇంకొక్క రోజు ఆగొచ్చుగా వదినా" అని గొణిగాడు. మరొకడు వాణ్ణి మోచేత్తో పొడిచాడు. చివరికి వెల్డింగ్ అతను కుంటుకుంటూ ముందుకు వచ్చి, బూటు విప్పి, పాదానికి చుట్టిన నల్ల టేపును అందరి ముందూ లాగేశాడు. కింద పుండు ఇంకా మానలేదు. యజమాని దాన్ని చూసి, ఒక డబ్బా మీద కూర్చుని, "పెట్టె తాళం తీసుకురండి. రిజిస్టరు కూడా" అన్నాడు.

ఆ ఉదయం రిజిస్టరులో పదకొండు పేర్లు పడ్డాయి. మొదటి పేరు నంబరమ్మది. నూట పదిహేడో రోజు, బొటనవేలు, ఏడు అంకె అంచు తగిలి తెగినది అని రాయించింది. రాయడానికి ఆవిడ అసలు పేరు ఏమిటో గుమస్తా అడగవలసి వచ్చింది.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్లేసరికి హస్తవాసి మెలకువగానే ఉన్నాడు.

"ఎంత పెట్టావు?" అన్నాడు.

"సున్నా."

"తిట్టారా?"

"ఒకడు గొణిగాడు. మిగతావాళ్లు టేపులు విప్పుకున్నారు."

"మరి ఫ్యాన్లు?"

"అక్కడే ఉన్నాయి. పంచుతామని ఎవరూ అనలేదు, వెనక్కి పంపుతామని కూడా అనలేదు. నాకు అడిగే ఓపిక లేదయ్యా."

అతను దిండు మీద ఎత్తి పెట్టిన ఎడమ చేతి వైపు చూసుకున్నాడు. కట్టు ఒకచోట పల్చగా, ఏమీ లేనట్టు, లోపలికి అణిగి ఉంది. "ఆ ఫ్యాన్ల డబ్బాల అట్ట గట్టిగా ఉంటుంది" అన్నాడు. "లీకు చూడటానికి పనికొస్తుంది. రేపు నాలుగు ముక్కలు కోయించి తీసుకురా. ప్రెస్సుకొకటి వేలాడదీయాలి. నేను రాస్తాను, కుడి చెయ్యి బాగానే ఉందిగా."

ఆవిడ తెచ్చింది. అతను మంచం మీద ఒత్తిగిలి, ఒక్కో అక్షరం తీరిగ్గా దిద్దుకుంటూ నాలుగు అట్టల మీదా ఒకే మాట రాశాడు. ఆ అట్టలు ఇప్పటికీ ఆ నాలుగు ప్రెస్సుల పక్కన ఉన్నాయి. ఆయిల్ మరకలు పడ్డా అక్షరాలు చదవడానికి వీలుగానే ఉన్నాయి. వాటి మీద ఇలా ఉంటుంది:

"లీకును చేత్తో వెతక్కండి, దెబ్బను టేపు కింద దాచకండి. సున్నా పడ్డ బోర్డు మీద రేపు మళ్లీ ఒకటి వస్తుంది, పోయిన వేలు మళ్లీ రాదు."